వర్షారణ్యంలో గైడ్‌తో మౌంటెన్ బైక్ రైడ్: ఆస్ట్రేలియాలోని కెయిన్స్ వెళ్లేవాళ్లకి

స్కూలు సెలవులు దగ్గరపడుతున్నాయంటే మెల్‌బోర్న్, సిడ్నీ తెలుగువాళ్ల దగ్గర్నుంచి ఇదే ప్రశ్న వస్తుంటుంది: "కెయిన్స్‌కి టికెట్లు కొన్నాం, గ్రేట్ బారియర్ రీఫ్ (సముద్రంలోని పగడపు దిబ్బలు) చూడ్డానికి పడవ బుక్ చేశాం. అడవిలో సైకిల్ రైడ్ కూడా ఉంటుందట కదా, మావల్ల అవుతుందా?" ఈమధ్య హైదరాబాద్ నుంచి పిల్లల దగ్గరికి వచ్చేవాళ్లూ అడుగుతున్నారు. విడివిడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాసేస్తున్నా.

అవుతుంది. రోడ్డు మీద బెదరకుండా సైకిల్ తొక్కగలిగి, గంటసేపు చురుగ్గా నడిచినా ఆయాసపడని వాళ్లెవరైనా గైడ్ వెంట ఒక పూట రైడ్ చేయొచ్చు. కొండ ఎక్కడానికి కాళ్లలో బలం చాలదేమోనని అందరూ భయపడతారు గానీ, అది అసలు సమస్యే కాదు. ఎక్కలేకపోతే దిగి నెట్టుకుంటూ నడుస్తారు, అంతే. ఎక్కువ దెబ్బలు తగిలేది కిందికి దిగేటప్పుడు, అదీ బ్రేకు వాడటం తెలియక. అందుకే కింద రాసినదాంట్లో బ్రేకుల గొడవే ఎక్కువుంటుంది.

ఎక్కడ, ఎప్పుడు

కెయిన్స్ చుట్టూ ఉన్న వెట్ ట్రాపిక్స్ అడవులు 1988లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. మన నల్లమల ఎండాకాలంలో ఆకు రాల్చేస్తుంది. ఇక్కడ అలా ఉండదు. ఏడాది పొడుగునా పచ్చగా, పైన ఆకుల కప్పు కమ్ముకుని, కింద మిట్టమధ్యాహ్నం కూడా మసకగా, నేల తడిగా ఉంటుంది. సైకిల్‌కి ఈ మసకా, ఈ తడీ రెండూ ఇబ్బందే.

మొదటిసారి వెళ్లేవాళ్లు రెండు చోట్లలో ఒకటి ఎంచుకోవచ్చు. ఒకటి స్మిత్‌ఫీల్డ్. కెయిన్స్ నుంచి ఉత్తరంగా కారులో ఇరవై నిమిషాల్లోపే. ప్రపంచ మౌంటెన్ బైక్ చాంపియన్‌షిప్‌లు 1996లో, మళ్లీ 2017లో ఇక్కడే జరిగాయి. ఆ మాట విని హడలిపోకండి, అదే అడవిలో తేలిక దారులూ ఉన్నాయి. రెండోది పోర్ట్ డగ్లస్ దగ్గరి బంప్ ట్రాక్, కెయిన్స్ నుంచి కారులో గంట పైచిలుకు. 1877లో సముద్రతీరం నుంచి హాడ్జ్‌కిన్సన్ బంగారు గనులకి సరుకు చేరేసేందుకు తెరిచిన దారి ఇది. ఒకప్పుడు కంచరగాడిదలు మోతలు మోసిన ఈ బాట ఇప్పుడు నడిచేవాళ్లకీ, గుర్రాలకీ, సైకిళ్లకీ ఉమ్మడిగా మౌబ్రే నేషనల్ పార్కులో మిగిలింది. పొడవు సుమారు 6 కిలోమీటర్లు. పైన బ్లాక్ మౌంటెన్ రోడ్డు వైపు నుంచి కింద మౌబ్రే లోయలోకి దిగడం మామూలు పద్ధతి. దారి వెడల్పే, కానీ బంకమట్టి. కొన్నిచోట్ల బాగా నిటారు.

మే నుంచి అక్టోబరు దాకా పొడి కాలం, అప్పుడే వెళ్లండి. డిసెంబరు, జనవరి పెద్ద సెలవుల్లో వెళ్లేవాళ్లే ఎక్కువ, తీరా అది సరిగ్గా వానల కాలం. తుపాన్లూ అప్పుడే. జూన్-జూలై సెలవులో, సెప్టెంబరు సెలవులో చూసుకుంటే వేడీ తక్కువ, బురదా తక్కువ.

కావాల్సినవి

సైకిల్, హెల్మెట్ గైడ్ కంపెనీయే ఇస్తుంది. కెయిన్స్ ఉన్న క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో హెల్మెట్ చట్టప్రకారం తప్పనిసరి, అది లేకుండా ఫొటోకి కూడా తొక్కనివ్వరు. మీరు తెచ్చుకోవాల్సినవి:

- అడుగు గట్టిగా, చదునుగా ఉన్న బూట్లు, లేసులు లోపలికి దోపుకునేలా. చెప్పులు, శాండల్స్ వద్దు.
- మోకాళ్లు దాటే పొడవు సాక్సులు. జలగలకి మొదటి అడ్డు ఇదే.
- త్వరగా ఆరే చొక్కా, నిక్కరు లేదా ట్రాక్ ప్యాంటు. జీన్స్ తడిస్తే తొడలు ఒరుసుకుపోతాయి.
- వేళ్లు పూర్తిగా కప్పే గ్లవ్స్. వాళ్లు ఇవ్వకపోతే కొనుక్కోండి, ఇక్కడ పొదుపు చేయొద్దు.
- తెల్ల అద్దాల కళ్లజోడు. చలవ కళ్లద్దాలు పెట్టుకుంటే చెట్లకింద వేర్లు కనిపించవు.
- మనిషికి 2 లీటర్ల నీళ్లు, రెండు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు.
- దోమల మందు, మార్చుకునేందుకు పొడి బట్టలు, తడి బట్టలకో ప్లాస్టిక్ సంచి.
- కాళ్ల వెంట్రుకలు తీసే వాక్స్ స్ట్రిప్పులు. ఎందుకో 7వ మెట్టులో చెబుతా.

గాజులు, పొడవు గొలుసులు, చున్నీ హోటల్‌లోనే వదిలేయండి. మంగళసూత్రం తీయడం ఇష్టం లేకపోతే చొక్కా లోపల టేపుతో అంటించుకోండి. వంగినప్పుడు బయటికి వేలాడితే హ్యాండిల్‌కి తగులుకుంటుంది.

ఇక ఎలా చేయాలి

1. దారి స్థాయి చూసి ఎంచుకోండి. ఆస్ట్రేలియాలో దారులకి రంగు గుర్తులుంటాయి: ఆకుపచ్చ గుండ్రం తేలిక, నీలం చతురస్రం మధ్యరకం, నల్ల వజ్రం కష్టం, రెండు నల్ల వజ్రాలుంటే అటు చూడొద్దు. మొదటిసారికి ఆకుపచ్చ, గైడ్ ఒప్పుకుంటే చివర్లో కొంచెం నీలం. బంప్ ట్రాక్‌లో ఇలా విడగొట్టుకునే వీలుండదు, ఒకటే దారి. నిటారు ముక్కల దగ్గర దిగి నడవడానికి సిద్ధపడితేనే అది ఎంచుకోండి. ఇంట్లో ఒకరికి ఇష్టం లేకపోతే బలవంతం చేయకండి. స్మిత్‌ఫీల్డ్ పక్కనే స్కైరైల్ కేబుల్ కారు ఉంది, అదే అడవి మీదుగా 7.5 కిలోమీటర్లు కురాండా దాకా తీసుకెళ్తుంది. అమ్మానాన్నలని అందులో ఎక్కించి మీరు రైడ్‌కి వెళ్లొచ్చు.

2. బుక్ చేసేటప్పుడు ఉన్నదున్నట్టు చెప్పండి. "సైకిల్ వచ్చా?" అని అడుగుతారు. మనవాళ్లంతా "ఓ, చిన్నప్పట్నుంచీ" అంటారు. ఆ జవాబు గైడ్‌కి ఏమీ చెప్పదు. ఇలా చెప్పండి: చివరిసారి ఎప్పుడు తొక్కారు, మట్టి దారిలో ఎప్పుడైనా తొక్కారా, గేర్ల సైకిల్ అలవాటుందా, మోకాలు, నడుము, ఆస్తమా, బీపీ ఏమైనా ఉన్నాయా. ఎత్తు, బరువు అడిగితే అసలు అంకెలే ఇవ్వండి. ఎత్తుని బట్టి ఫ్రేము, బరువుని బట్టి సస్పెన్షన్‌లో (కుదుపులు తట్టుకునే భాగంలో) గాలి పెడతారు. బరువు 10 కిలోలు తగ్గించి చెబితే మర్యాద దక్కుతుందేమో గానీ, ప్రతి గుంతలో సైకిల్ కూలబడుతుంది.

మీరు అడగాల్సినవీ ఉన్నాయి. గుంపులో ఎంతమంది? వెనక ఇంకో గైడ్ ఉంటారా? వాన పడితే డబ్బు వాపసా, ఇంకో రోజుకి మారుస్తారా? పిల్లలకి కనీస వయసెంత? ఒక్క గైడ్‌తో పెద్ద గుంపయితే నెమ్మదిగా వెళ్లేవాళ్లు ఒంటరైపోతారు, వేరేది వెతుక్కోండి.

3. ఇన్సూరెన్స్ చదవండి. ఇండియా నుంచి వచ్చినవాళ్లకి ఆస్ట్రేలియా మెడికేర్ (ప్రభుత్వ వైద్య పథకం) వర్తించదు, ప్రయాణ బీమాయే దిక్కు. చాలా పాలసీల్లో మౌంటెన్ బైకింగ్ "సాహస క్రీడ" కింద విడిగా ఉంటుంది, అదనపు ప్రీమియం కడితేనే చెల్లుతుంది. మినహాయింపుల పేజీలో సైకిల్ అనే మాట వెతకండి. ఆస్ట్రేలియాలో స్థిరపడ్డవాళ్లూ ఒకటి గమనించాలి: మెడికేర్ అంబులెన్సుకి డబ్బివ్వదు. క్వీన్స్‌లాండ్ వాసులకి అంబులెన్సు ఖర్చు ఆ రాష్ట్రమే భరిస్తుంది. విక్టోరియా, న్యూ సౌత్ వేల్స్ నుంచి వెళ్లేవాళ్లు తమ అంబులెన్సు బీమా అక్కడ పనిచేస్తుందో లేదో ముందే తేల్చుకోండి.

4. వెళ్లేముందు రెండు మూడు సార్లు తొక్కండి. మెల్‌బోర్న్ వాళ్లకి యూ యాంగ్స్, సిడ్నీ వాళ్లకి మ్యాన్లీ డ్యామ్, బ్రిస్బేన్ వాళ్లకి డైసీ హిల్ సైకిల్ దారులు ఉన్నాయి. హైదరాబాద్‌లో ఉంటే ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సోలార్ సైకిల్ ట్రాక్ దమ్ముకి పనికొస్తుంది. కానీ దిగుడు అలవాటవ్వాలంటే వికారాబాద్ అనంతగిరి వైపు ఏదైనా మట్టిబాట చూసుకోండి. సాధన ఒకటే: పెడల్స్ రెండూ నేలకి సమాంతరంగా పెట్టి, సీటు మీంచి లేచి నిలబడి, తొక్కకుండా వంద మీటర్లు జారుకుంటూ వెళ్లడం. తూలకుండా వెళ్లగలిగితే మీకు సగం పని అయిపోయినట్టే.

5. ఎక్కేముందు సైకిల్ చూసుకోండి. గైడ్ చూసే ఉంటారు, అయినా మీ చేత్తో మీరు చూడండి.

ముందుగా, ఏ బ్రేకు ఏ చక్రానిది? ఇండియాలోలాగే ఆస్ట్రేలియాలోనూ మామూలుగా కుడిచేతిది ముందు చక్రం. కొన్ని సైకిళ్లకి తిరగేసి ఉంటుంది. నెట్టుకుంటూ నాలుగడుగులు వేసి ఒక్కో బ్రేకు లివర్ (చేతి మీట) నొక్కి, ఏ చక్రం ఆగిందో కళ్లతో చూడండి. తర్వాత, చూపుడు వేలు ఒక్కటే లివర్ కొసమీద ఆనుతోందా? చెయ్యి చిన్నదైతే అందదు, అప్పుడు రెండు మూడు వేళ్లతో లాగుతారు, హ్యాండిల్ మీద పట్టు పోతుంది. లివర్ దగ్గరికి జరిపే స్క్రూ ఉంటుంది, గైడ్‌ని అడిగి జరిపించుకోండి. మొహమాటపడి ఊరుకునేవాళ్లే ఎక్కువ.

సీటు ఎత్తు: కూర్చుని మడమ పెడల్ మీద పెడితే, పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు కాలు తిన్నగా రావాలి. అది ఎక్కడానికి. దిగడానికి సీటు కిందికి పోవాలి. చాలా సైకిళ్లకి హ్యాండిల్ మీద దీనికో మీట ఉంటుంది. దాన్ని నొక్కి సీటు మీద బరువేస్తే దిగుతుంది, బరువు తీసి నొక్కితే లేస్తుంది. పార్కింగ్ స్థలంలోనే ఐదారుసార్లు చేసి చూడండి. టైర్లలో గాలి రోడ్డు సైకిల్ కంటే బాగా తక్కువుంటుంది, పంక్చరేమో అనుకుని గాలి కొట్టించకండి. మెత్తగా ఉంటేనే తడి నేలని పట్టుకుంటుంది.

6. దిగడం. ఈ మెట్టు రెండుసార్లు చదవండి.

దిగుడు మొదలయ్యేముందే సీటు దించేయండి. లేచి నిలబడండి, పెడల్స్ సమాంతరం, మడమలు కాస్త కిందికి, మోకాళ్లూ మోచేతులూ వంచి బయటికి. గడ్డం హ్యాండిల్ మీదుగా ఉండాలి. "వెనక్కి వెళ్లు" అని ఎవరో చెప్పారని చేతులు బారచాపి పిరుదులు వెనక చక్రం మీదికి వేలాడేసేవాళ్లుంటారు. అలా చేస్తే ముందు చక్రం మీద బరువు తేలిపోయి మలుపు తిరగదు.

బ్రేకులు రెండూ కలిపి, ఒక్కో వేలితో, తడి గుడ్డ పిండినట్టు మెల్లగా బిగించుకుంటూ నొక్కండి. ముందు బ్రేకు వేస్తే పల్టీ కొడతామని చిన్నప్పుడు మనకి నూరిపోశారు, అందుకే వెనక బ్రేకే గట్టిగా పట్టేస్తాం. దాంతో వెనక చక్రం బిగుసుకుపోయి, సైకిల్ ఆగకుండా జారుతుంది. ఆపే బలం ఎక్కువుండేది ముందు బ్రేకుకే, దాన్ని ఠక్కున పట్టేయకూడదు, అంతే. మలుపు ముందే వేగం తగ్గించుకుని, మలుపులో బ్రేకు వదలండి. మలుపు మధ్యలో భయపడి నొక్కితే తడి మట్టిలో చక్రం పక్కకి జారుకుంటుంది. చూపు నాలుగైదు సైకిళ్ల దూరంలో ఉండాలి. ముందు చక్రం వైపే చూస్తుంటే ప్రతిదీ ఆఖరి క్షణంలోనే కనిపిస్తుంది.

సరిగ్గా వస్తోందో లేదో తేల్చుకోవడానికి రెండు పరీక్షలు. మొదటి చిన్న దిగుడు అవగానే ఆగి వెనక్కి తిరిగి మీ టైరు జాడ చూడండి. గళ్లు గళ్లుగా టైరు అచ్చు పడితే బాగున్నట్టు. నున్నగా గీసినట్టు పొడవైన చార ఉంటే చక్రం బిగుసుకుపోయినట్టు, ముందు బ్రేకు వాటా పెంచండి. రెండోది: వాలు తక్కువున్న చోట ముందున్న ఒక ఆకునో రాయినో గుర్తు పెట్టుకుని, సరిగ్గా అక్కడ జారకుండా ఆగండి. మూడుసార్లలో రెండుసార్లు ఆగలేకపోతే ఆ రోజుకి నిటారు ముక్కలన్నీ నడకే. గైడ్‌కి ఆ మాట చెప్పేయండి, వాళ్లకి ఇది కొత్త కాదు.

వేర్లు: తడి వేరు మీద సబ్బు రాసినట్టుంటుంది. దాన్ని అడ్డంగా, తొంభై డిగ్రీల్లో దాటాలి, దాటే క్షణంలో బ్రేకు వేయకూడదు, హ్యాండిల్ తిప్పకూడదు. ఏటవాలుగా ఎక్కితే చక్రం వేరు వెంబడే జారిపోతుంది. వాగులు వస్తే దిగి నడవండి, పాచిపట్టిన రాళ్ల మీద ప్రయోగాలు వద్దు. ముందు మనిషికి కనీసం మూడు సైకిళ్ల దూరం, దిగుడులో ఇంకా ఎక్కువ. గుర్రాలూ నడిచేవాళ్లూ ఎదురైతే ఆగి దారివ్వండి.

ఎక్కుడు గురించి ఒక్క మాట: ఎత్తు మొదలవ్వకముందే తేలిక గేరుకి మారండి. సగం ఎక్కాక బలంగా తొక్కుతూ మారిస్తే గొలుసు పళ్లమీద టకటకమని అరిచి కొన్నిసార్లు ఊడొస్తుంది.

7. పడిపోతుంటే చెట్టు పట్టుకోకండి. తూలగానే పక్కనున్న తీగో కొమ్మో పట్టుకోవడం మనిషికి సహజం. ఇక్కడ ఆ అలవాటే ప్రమాదం. లాయర్ కేన్ అనే బెత్తం జాతి తీగలు దారిమీదికి వేలాడుతుంటాయి, వెనక్కి వంగిన ముళ్లుంటాయి. తగులుకుంటే ముందుకి లాగకండి. ఆగి, వెనక్కి జరిగి విడిపించుకోండి. అక్కడివాళ్లు దాన్ని "వెయిట్ ఎ వైల్" అని పిలిచేది అందుకే.

దానికంటే జాగ్రత్తపడాల్సింది జింపీ-జింపీ మొక్క. ఆకులు హృదయం ఆకారంలో, అంచులు రంపం పళ్లలా, పైన సన్నటి నూగుతో మెత్తగా కనిపిస్తాయి. చెట్లు కూలి ఎండపడే చోట, బాట అంచుల్లో పెరుగుతుంది. మన దూలగొండి దీని ముందు ఎందుకూ చాలదు. గాజు ముక్కల్లాంటి ఆ నూగు చర్మంలో దిగితే మంట గంటల్లో పోదు, నెలల తర్వాత కూడా చన్నీళ్లు తగిలితే తిరగబెట్టొచ్చు. ఎండిరాలిన ఆకూ కుడుతుంది. తగిలితే రుద్దకండి, గోకకండి. వాక్స్ స్ట్రిప్ అంటించి లాగితే నూగు కొంత ఊడొస్తుంది. నొప్పి భరించలేనిదైనా, ఊపిరాడకపోయినా ఆసుపత్రికే. రైడ్ మొదట్లోనే గైడ్‌ని "ఆ మొక్క చూపించండి" అని అడగండి. ఒకసారి చూస్తే గుర్తుండిపోతుంది.

క్యాసొవరీ అనే పెద్ద పక్షి కనిపించడం అరుదే. కనిపిస్తే సైకిల్ దిగి, దాన్ని మీకూ పక్షికీ మధ్య అడ్డంగా పెట్టుకుని, మెల్లగా వెనక్కి నడవండి. పరిగెత్తొద్దు, తిండి పెట్టొద్దు. దాని లోపలి వేలి గోరు 12 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. కింద లోయలో వాగులూ నదీ అందంగా ఉన్నాయని గైడ్ చెప్పకుండా నీళ్లలోకి దిగకండి, తీరప్రాంతపు నదుల్లో మొసళ్లున్నాయి. పాములు మనల్ని చూసే తప్పుకుంటాయి.

8. నీళ్లు దాహం వేయకముందే తాగండి. గాలిలో తేమ వల్ల చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. పదిహేను ఇరవై నిమిషాలకోసారి నాలుగు గుక్కలు. వణుకు, తలనొప్పి, చెమట ఉన్నట్టుండి ఆగిపోవడం, వీటిలో ఏది కనిపించినా గైడ్‌కి చెప్పి కూర్చోండి. అడవిలో ఫోను సిగ్నల్ నమ్ముకోవద్దు. దొరికిన చోట అత్యవసరానికి 000, మొబైల్ నుంచి 112 కూడా పనిచేస్తుంది.

9. దిగాక. బ్రేకు డిస్కుని (చక్రం మధ్యలో ఉండే గుండ్రటి లోహపు బిళ్లని) ముట్టుకోకండి, పెద్ద దిగుడు తర్వాత చర్మం అంటుకుపోయేంత కాలుతుంది. సైకిల్ ఎత్తి కారు ర్యాకు మీద పెట్టేటప్పుడే చాలామందికి పిక్కలు, వేళ్లు కాలేది.

బూట్ల మట్టి అక్కడే బ్రష్ కొట్టి దులపండి. మట్టితో మొక్కల తెగుళ్లు ఒక అడవి నుంచి ఇంకో అడవికి పాకుతాయి. ఇండియా నుంచి వచ్చేటప్పుడు బూట్లకి మట్టి ఉంటే ఎయిర్‌పోర్టు కార్డులో రాయాల్సిందే, దాచిపెడితే జరిమానా. అందుకే కడిగినవి తెచ్చుకోవడం మేలు.

హోటల్‌కి రాగానే స్నానానికి ముందు ఒళ్లంతా చూసుకోండి: చంకలు, మోకాలి వెనక, జుట్టు కుదుళ్లు, చెవి వెనక. జలగ ఉంటే లాగకండి, గోరుతో నోటి దగ్గర పక్కకి తోయండి, రక్తం కాసేపు కారుతుంది, కంగారు లేదు. పిడుదు అంటుకుని ఉంటే నలపకండి, గిల్లకండి. ఫార్మసీలోనో క్లినిక్‌లోనో చూపించండి. పిల్లల తలలు మీరే వెతకాలి, వాళ్లు చెప్పరు.

మళ్లీ వెళ్లొచ్చా, పూర్తిరోజు రైడ్ తీసుకోవచ్చా అనే ప్రశ్నకి జవాబు మర్నాడు ఒళ్లే చెబుతుంది. తొడలు నొప్పిగా ఉంటే మామూలే, వెళ్లండి. ముంజేతులూ వేళ్లూ పట్టేస్తే హ్యాండిల్ మరీ గట్టిగా పట్టుకున్నట్టు, బ్రేకు వదలకుండా ఈడ్చినట్టు. ఇంకో పూట రైడే చేయండి. నడుం పట్టేస్తే దిగేటప్పుడు కూర్చునే ఉన్నారన్నమాట. 4వ మెట్టులోని నిలబడే సాధన ఇంకొన్నాళ్లు చేశాకే పూర్తిరోజు రైడ్ బుక్ చేయండి.